ముత్తవ్వకు ముద్ద పెట్టిన కాక

కాక చనిపోయిన సంగతి నాకు ఆదివారం పొద్దున దోహా ముషైరిబ్‌లో, ఆఫీసు మెట్ల దగ్గర ఉండగా ఫోనులో తెలిసింది. ఫోన్ చేసింది రాజం. అల్ ఖోర్ లేబర్ క్యాంపులో ఆయన గదిలోనే, ఆయన పక్క మంచం మీద పడుకునే మనిషి.

"సార్, కాక పోయిండు" అన్నాడు.

"అదేంటి, నాకు చెప్పకుండానే వెళ్ళిపోయాడా? లీవు ఎన్ని రోజులు?" అన్నాను నేను.

వెనక బస్సు ఇంజన్ చప్పుడు వినిపిస్తోంది.

"లీవు కాదు సార్. పొద్దుగాల డ్యూటీ బస్సుకు లేపుదామని పోయిన. లేవలే. పండుకున్నోడు పండుకున్నట్టే ఉన్నడు" అన్నాడు.

మాది భీమవరం. మా వైపు మనిషి పోయాడంటే ఒకటే అర్థం. కాకది జగిత్యాల దగ్గర పల్లె. అక్కడ బజారుకు వెళ్ళినా పోయిండే, డ్యూటీకి వెళ్ళినా పోయిండే, కాలం చేసినా పోయిండే. పదేళ్ళు వాళ్ళ మధ్య పనిచేసి నా చెవి వాళ్ళ చెవి అయిపోయింది. ఆ చెవే ఆ పొద్దున నన్ను మోసం చేసింది.

ఈ ఒక్క మాట మా ఇద్దరి మధ్య అంతకు ముందు కూడా ఒకసారి అడ్డం పడింది. ఆ రోజు పొరపాటు పడింది ఆయన అనుకున్నాను, నేను దిద్దలేదు. రెండేళ్ళుగా దిద్దాలనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు ఆ పని ఎవరి ముందు చేయాలో తెలియక ఇది మీకు చెబుతున్నాను.

కాకను నేను మొదట చూసింది డాల్ఫిన్ల పార్కులో, చేపల గదిలో. మా ఊళ్ళో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే పని నాది. ఆ అనుభవంతోనే దోహాలో ఒక డాల్ఫిన్ల పార్కులో నీళ్ళ ల్యాబులో ఉద్యోగం దొరికింది. మొదటి రోజు నీళ్ళ శాంపిల్ కోసం దారి తప్పి చేపల గదిలోకి వెళ్ళాను. లోపల చలి. రబ్బరు బూట్లు, తలకు ఉన్ని టోపీ, ముక్కు దాకా మఫ్లరు కట్టుకుని ఒక పెద్దాయన ఐసు కరిగిన చేపల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని పొట్ట నొక్కి చూస్తున్నాడు. పొట్ట చిట్లినది పక్కన పడేస్తున్నాడు. బాగున్న చేప మొప్పలో విటమిన్ బిళ్ళ దోపుతున్నాడు.

"పెండ్లిల వంటోనికి కూడ ఇంత నదర్ ఉండదు సార్" అన్నాడు నన్ను చూసి, తనను తానే మెచ్చుకుంటూ. నేను తెలుగువాణ్ణని ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆయన్ని అందరూ కాకా అనేవారు. నేపాలీ గార్డు కూడా కాకా అనే పిలిచేవాడు. నేను మా అలవాటు కొద్దీ బాబాయ్ అని రెండు రోజులు పిలిచి, మూడో రోజుకు కాకా అనేశాను.

ఆయన ఖతార్ వచ్చింది మేస్త్రీ పనికి. పార్కు కడుతున్నప్పుడు డాల్ఫిన్ల కొలనుకు నీలం టైల్స్ వేసిన నలుగురిలో ఆయన ఒకడు. పని అయ్యాక మిగతా ముగ్గురూ వేరే సైటుకు వెళ్ళారు. నీళ్ళు నింపి వాటిని వదిలిన రోజు ఈయన చూడటానికి ఆగాడు. ఆగినవాడు ఆగిపోయాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"గోడ కట్టినోణ్ణి నేను. ఎవలకు కడుతున్ననో ఎరుకలేక కట్టిన. స్విమ్మింగ్ పూలనుకున్న సార్. తీరా సూత్తె దాంట్ల వీటిని ఏసిండ్రు. మల్ల బువ్వ పెట్టుడన్న నేను పెట్టద్దా?" అన్నాడు.

పార్కులో మూడు డాల్ఫిన్లు ఉండేవి. వాటిలో పెద్దది ఆడది. బోర్డు మీద దాని పేరు పర్ల్. పర్ల్ అంటే ముత్యమని నేను చెప్పిన రోజు నుంచి ఆయనకు అది ముత్తవ్వ. ట్రైనర్లు దానికి విజిల్‌తో చెప్పేవారు, ఈయన జగిత్యాల తెలుగులో చెప్పేవాడు. "యల్లా బిడ్డా, నోరు తెరువు. నిన్న సరిగ తినలే, నాకెరుక. ఎవని మీద అలిగినవ్?" అంటూ గట్టు మీద గొంతుక్కూర్చుని చేపలు అందించేవాడు. చేతులకు సబ్బు వాసన ఉండకూడదని ఉప్పు నీళ్ళతోనే కడుక్కునేవాడు. వేళ్ళ మధ్య ఎప్పుడూ పగుళ్ళే. అది తినేదాకా తను టిఫిన్ డబ్బా మూత తీసేవాడు కాదు.

నన్ను ఆటపట్టించడం ఆయనకు సరదా. "సారు రోజు నీళ్ళకు పరీక్ష పెడతడు. నీళ్ళు ఒక్కనాడన్న ఫెయిలయినయా సార్?" అనేవాడు. నా గోదావరి మాటలు విని, "వెళ్ళాడు, వచ్చాడు అంటరు మీరు. నోట్ల వెన్న పెట్టుకుని మాట్లాడినట్టుంటది" అని నవ్వేవాడు.

అప్పట్లో శుక్రవారం సాయంత్రం షో అంటే కుర్చీలు చాలేవి కావు. తర్వాత మెల్లమెల్లగా జనం తగ్గారు. ఫలానా రోజు నుంచి అని చెప్పలేను. స్కూలు బస్సులు ముందు మానేశాయి. ఎక్కడో ఏ దేశంలోనో ఇలాంటి కొలనులో గుండ్రంగా తిరుగుతున్న జంతువు వీడియోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. అల్ మన్సూరాలో మా ఫ్లాటులో అన్నం తింటూ అడిగింది, "నాన్నా, సముద్రం అంత దగ్గర్లో పెట్టుకుని వాటిని టబ్బులో ఎందుకు పెట్టారు?" అని. క్లాసులో మీ నాన్న ఎక్కడ పనిచేస్తాడని అడిగితే వాటర్ ల్యాబ్ అని మాత్రం చెప్పిందట. పార్కు పేరు చెప్పలేదట. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేలని కోపం.

మర్నాడు ఆ మాట కాకకు చెప్పాను. ఆయన చేపలు కడుగుతూ విన్నాడు.

"బిడ్డ సక్కగనే అడిగింది. పట్టి తెచ్చుడు తప్పు సార్. తెచ్చి సాదినంక ఇడిసిపెట్టుడు అంతకన్న తప్పు. అందరు మొదటి తప్పు ముచ్చటే మాట్లాడుతుండ్రు. మంచిదే. రెండోదాని ముచ్చట ఎవలన్న మాట్లాడుతుండ్రా?" అన్నాడు.

ఆ ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇలాంటి పార్కులు ఇంకెన్నాళ్ళు అని ఎవరైనా అడిగితే, ఇక చాలు, మూసెయ్యాలనే అంటాను. కానీ అన్న వెంటనే ఆయన గొంతు వినిపిస్తుంది.

షోలు ఆపేశారు. మా మేనేజరు మీటింగు పెట్టి, రాబోయేదంతా వెలుగుతో చేసే డాల్ఫిన్లదే, తెర మీద నుంచి జనం మీదికి దూకుతాయి, తిండి అక్కర్లేదు, ఎవరూ తిట్టరు అని వివరించాడు. "ఆకలి లేని డాల్ఫిన్ అయితె మంచిదే. దానికి నా అసొంటోడు అక్కెర లేదు" అన్నాడు కాక బయటికొచ్చి.

షోలు ఆగిన వారం తర్వాత అనుకుంటా, సాయంత్రం ఐదింటికి నీళ్ళు తీసుకోవడానికి కొలను దగ్గరికి వెళ్ళాను. కుర్చీలన్నీ ఖాళీ. పాట లేదు, విజిల్ లేదు. ముత్తవ్వ ఒక్కతే షో చేస్తోంది. మొదట గుండ్రంగా మూడు చుట్లు తిరిగింది, తర్వాత తోక మీద నిలబడింది, తర్వాత ఎత్తుగా ఎగిరింది. వరస తప్పలేదు. చివర గట్టు దగ్గరికొచ్చి తల పైకెత్తి ఆగింది. ముందు వరసలో బూట్లతో కూర్చున్న కాక లేచి చప్పట్లు కొట్టాడు. ఆ పెద్ద హాల్లో ఒక్క మనిషి చప్పట్లు ఎలా ఉంటాయో నేను చెప్పలేను. అవి ఇప్పటికీ నాకు వినిపిస్తుంటాయి, ఒక్కోసారి లిఫ్టులో కూడా.

"ఐదైంది సార్. దానికేం తెలుసు, జనం మారిండ్రని" అన్నాడు.

తర్వాత కబురు వచ్చింది. మూడింటినీ వేరే దేశంలో ఉన్న ఇంకో పార్కుకు విమానంలో పంపుతారు. మిగతా రెండూ వయసులో ఉన్నవి. ముత్తవ్వ ముసలిది. పైగా షోలు ఆగాక అది ట్రైనర్ల చేతి నుంచి తినడం మానేసింది. కాక ఇస్తేనే తినేది. సరిగ్గా ఆ రోజుల్లోనే కాకకు జ్వరం వచ్చి రెండు రోజులు క్యాంపులో ఉండిపోయాడు. ఆ రెండు రోజులూ ముత్తవ్వ ఒక్క చేప ముట్టలేదు.

తిండి లెక్క రాసే షీటు నా చేతిలోనే ఉండేది. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందో లేదో చెప్పే డాక్టరు బయటి నుంచి వస్తాడు, ఆయన చూసేది ఆ షీటునే. రెండు రోజుల గడిలో సున్నా పడితే ప్రయాణం ఆగుతుంది. మేనేజరు నన్ను పిలిచి, "సున్నా ఎందుకు? ప్రయాణానికి ముందు ఫాస్టింగ్ అలవాటు చేస్తున్నాం అని రాయి" అన్నాడు. విమానం ఎక్కించే ముందు కడుపు ఖాళీగా ఉంచడం నిజంగానే ఉన్న పద్ధతి. కాబట్టి ఆ మాట అబద్ధంలా కనిపించదు. ఆ వారంలోనే నన్ను ముషైరిబ్ ఆఫీసుకు మార్చే కాగితం ఆయన టేబుల్ మీద ఉంది. పార్కు మూసేస్తే నా వీసా, అమ్మాయి స్కూలు ఏమవుతాయో అని నిద్ర పట్టని రోజులవి. ఫాస్టింగ్ అని రాశాను.

జ్వరం తగ్గి వచ్చిన కాకకు ట్రైనర్లెవరో చెప్పారు. నేరుగా ల్యాబుకు వచ్చాడు. బూట్లు బయట విప్పి, ఒట్టి కాళ్ళతో లోపలికొచ్చి నిలబడ్డాడు.

"సార్, ముత్తవ్వ ఒక్కపొద్దు ఉన్నదని రాసినవట?"

నేను షీటు ముందుకు లాక్కున్నాను.

"శనివారమా, ఏకాదశా? ఏ దేవునికి మొక్కిందట?" అన్నాడు. గొంతు పెంచలేదు. నవ్వనూ లేదు. "నా చేతి నుంచి తప్ప తినదని రాయి సార్. తినలేదు అని రాయి. గంతే. నీ చేతుల పెన్నున్నది."

"కాకా, అలా రాయడానికి షీటులో గడి లేదు" అన్నాను.

ఆయన కాసేపు షీటు వైపు చూశాడు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. "గడి లేదా" అని, బయటికెళ్ళి బూట్లు తొడుక్కుని చేపల గదికి వెళ్ళిపోయాడు. ఆ పూట ముత్తవ్వ ఆయన చేతి నుంచి కడుపు నిండా తింది. అదీ నేను షీటులో రాశాను. దాంతో కాగితం పూర్తయింది.

దాన్ని తీసుకెళ్ళిన రోజు, తడి గుడ్డలు కప్పి జోలెలో పెట్టి, ఆ జోలెను నీళ్ళ పెట్టెలో దించారు. తనూ తోడు వెళ్తానని కాక మేనేజరును అడిగాడు, ఆ దేశం వీసా లేదన్నారు. గేటు దాకా లారీ పక్కనే నడిచాడు. గేటు దగ్గర గార్డు ఆపితే ఆగాడు. తిరిగొచ్చి మగ్గు తీసుకుని చేపల గది గచ్చు కడగడం మొదలుపెట్టాడు. ఇక ఆ గదిలోకి చేపలు రావని తెలిసీ కడిగాడు.

కంపెనీ ఆయన్ని ఫ్యాక్టరీలుండే రాస్ లఫాన్‌లో క్లీనింగ్ పనికి పంపింది. నేను ముషైరిబ్ వచ్చాను. ముత్తవ్వ వెళ్ళిన తొమ్మిది రోజులకు ఆ కొత్త పార్కు ట్రైనర్ ఒకామె నాకు మెసేజ్ పెట్టింది. వెళ్ళిన రోజు నుంచీ అది నోరు తెరవలేదట. ఆ పొద్దున నీళ్ళ మీద తేలిందట.

మధ్యాహ్నం భోజనాల టైములో కాకకు ఫోన్ చేశాను. ఎలా చెప్పాలో కూడబలుక్కునే చేశాను. తీరా ఆయన గొంతు వినగానే మా ఊరి మాటే వచ్చింది.

"కాకా, ముత్తవ్వ పోయింది."

అటు వైపు గాలి చప్పుడు. చాలాసేపటికి అడిగాడు, "ఏడికి పోయింది సార్? సముద్రంలకా?"

కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణాన్ని దాటిపోనిచ్చాను. తర్వాత "ఊఁ" అన్నాను.

"మంచిగైంది. మంచి ముచ్చట చెప్పినవ్ సార్. ఇగ నువ్వు బువ్వ తిను" అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు ప్రతి శుక్రవారం నాకు ఫోన్ చేశాడు. మా అమ్మాయి చదువు, మా ఆవిడ నడుము నొప్పి, అన్నీ అడిగేవాడు. ముత్తవ్వ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అది సముద్రంలో హాయిగా ఉందనుకుని నిశ్చింతగా ఉన్నాడని నాకు నేనే చెప్పుకున్నాను. ఒకసారి అల్ మన్సూరాలో టీ కొట్టు దగ్గర కలిశాం. చెప్పేద్దామని ధైర్యం తెచ్చుకుని "కాకా, ముత్తవ్వ సంగతి ఒకటి..." అన్నానో లేదో, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "పోయినోళ్ళ ముచ్చట మనకెందుకు సార్. చాయ్ సల్లారుతుంది, తాగు." నేను తాగాను. సిగ్గు లేకుండా, హమ్మయ్య అనుకుంటూ తాగాను.

ఆయన శవాన్ని ఊరికి పంపే కాగితాలకు తిరిగింది రాజం, నేను. ఊళ్ళో దహనం అయిన మూడో రోజు శుక్రవారం పడింది. రాజం ఫోన్ చేసి, అల్ ఖోర్ సముద్రం ఒడ్డుకు రమ్మన్నాడు. "ఊర్ల వాళ్ళు పెడతరు సార్. ఈడ మేం గూడ పిట్టకు పెడుతున్నం. ఇరవై ఏండ్లు ఈడనే ఉన్నడు, ఇదిగూడ ఆయన ఊరే గద" అన్నాడు. చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, పిట్ట వచ్చి ముట్టేదాకా కాచుకోవడం వాళ్ళ వైపు మూడో రోజు పద్ధతి. మా వైపు కాకికి పెడతాం.

క్యాంపు నుంచి ఐదుగురు వచ్చారు. బగారన్నం, మటన్ కూర, ఉడికించిన గుడ్డు కాగితం ప్లేటులో పెట్టి, పక్కన ఒక కప్పు చాయ్ పెట్టారు. "కల్లు మాఫీ సార్, ఈడ ఏడ దొరుకుతది" అన్నాడు రాజం, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి. దూరంగా రాళ్ళ మీద తెల్లటి సముద్రపు పిట్టలు ఉన్నాయి.

"కాకులు కనబడవు కదా ఇక్కడ" అన్నాను.

"ఏ పిట్టయినా పిట్టేనట సార్. కాకనే చెప్పిండు. రెండేండ్ల కింద ఆయన గూడ ఈ రాయి కాడనే పెట్టిండు" అన్నాడు రాజం.

"ఎవరికి?"

"ఆ పార్కుల ఉన్నదానికి సార్. ముత్తవ్వకు. మీరు ఫోన్ చేసి చెప్పిన మూడో దినం. డ్యూటీ బందు పెట్టి, మార్కెట్ల మంచి చేపలు ఏరి తెచ్చిండు. నేనే తోడొచ్చిన."

"నేను సముద్రంలోకి వెళ్ళిందని చెప్పాను కదా" అన్నాను.

రాజం నా వైపు చూడకుండా చెప్పాడు. "సారు గొంతు విన్నప్పుడే సమజైంది అన్నడు. సారుకు చెప్పకు, కడుపుల పెట్టుకుని కుములుతడు అన్నడు. ఆ దినం శానసేపు పిట్ట ముట్టలే సార్. మొక్కిండు, బతిలాడిండు, ముట్టలే. ఆఖరుకు మోకాళ్ళ మీద కూసుండి చెప్పిండు. 'బిడ్డా, గోడ కట్టింది నేను, నన్ను తిట్టు. సారు మీద కోపం పెట్టుకోకు, ఆయనకు పిల్ల ఉన్నది' అన్నడు. గప్పుడు ముట్టింది."

ఎండ ఎక్కుతోంది. ప్లేటు అంచున మెతుకులు ఎండిపోయాయి. ఒక పిట్ట రాళ్ళ మీద నుంచి దిగి, ప్లేటుకు నాలుగడుగుల దూరంలో ఆగింది. తల వంచి చూసింది. ముందుకు రాలేదు. ఐదుగురూ చేతులు జోడించి ఒకరి తర్వాత ఒకరు ఏదో మొక్కుకున్నారు, ఊళ్ళో ఆయన ఇల్లు చూసుకుంటామని, ఆయన కూతురి పెళ్ళికి నిలబడతామని. పిట్ట కదల్లేదు.

అందరూ నా వైపు తిరిగారు.

"సార్, మీరేమన్న చెప్పేదుంటె చెప్పుండ్రి" అన్నాడు రాజం.

నేను బూట్లు విప్పి ఇసుకలో కూర్చున్నాను.

"కాకా," అన్నాను, "ముత్తవ్వ చచ్చిపోయింది. ఒక్కపొద్దు ఉండలేదు. తినలేదు. నేనే అబద్ధం రాశాను."

పిట్ట నన్నే చూస్తూ ఒక అడుగు ముందుకు వేసి, ఆగింది.